పునరుత్థానము: సాక్షులును ప్రతివాదులును



మా ప్రాంతపు పల్లెలలో ఈస్టరునాడు కోడి కూయకమునుపే క్రైస్తవ కుటుంబములవారు శ్మశానమునకు పోవుదురు. ముందటి దినములలోనే సమాధుల చుట్టు కలుపు తీసి, సున్నము వేసి యుంతురు. చీకటి విడకముందే తమవారి సమాధులపై పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుదురు. చిన్నతనమున నేను పొలముగట్టున నిలిచి ఆ దీపముల వరుసను చూచియున్నాను. శ్మశానమనిన భయపడు వయస్సు నాది. చచ్చినవారి చోట పండుగ యేమని మా తాతగారి నడిగితిని. ఆయన, “వారి ప్రభువు మూడవనాడు సమాధినుండి లేచెనట. తమవారును ఒకనాడు లేతురని వారి నమ్మిక” అని చెప్పిరి. “నిజముగా లేచెనా తాతయ్యా?” అంటిని. “చూచినవారు చెప్పవలె. మనము చూడలేదు గదా” అని ఆయన ఊరకుండిరి.

పెద్దవాడనై చరిత్రగ్రంథములు చదువ మొదలిడిన పిదప, మా తాతగారి ఆ చిన్న మాటచుట్టునే పందొమ్మిది వందల యేండ్లకు పైగా పండితులు వాదించుచున్నారని తెలిసికొంటిని. నేటి ప్రసంగమున ఆ వాదముయొక్క చరిత్రను మీకు విన్నవింపదలచితిని. మతబోధయు నా పని కాదు, మతఖండనమును నా పని కాదు. మీరు గ్రామములలో తగవులు విన్న పెద్దలు. సాక్షి మాటను తూచుట యెట్లో మీకు నేను నేర్పనక్కరలేదు. ఈ వాదమందు ఆదినుండి తుదివరకు జరిగినది సాక్ష్యవిచారణయే గనుక, దీనిని మీ యెదుట పెట్టుట తగునని తోచినది.

మొదట వివాదాంశమును తేటపరచుకొందము. పునరుత్థానమనగా మరల లేచుట. ఇది మన మెరిగిన పునర్జన్మము వంటిది కాదు. పునర్జన్మమున జీవుడు వేరొక దేహమును ధరించును. ఇచ్చట చచ్చిన మనుష్యుడే, పూడ్చబడిన దేహమే మార్పునొంది, ఇక చావు లేనివాడై లేచునని చెప్పుదురు. ఈ భావమును యేసు శిష్యులు క్రొత్తగా పుట్టింపలేదు. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమున గ్రీకు ప్రభువుల హింసలో ధర్మమునకై చచ్చిన యూదులను తలచుకొని, న్యాయముగల దేవుడు అట్టివారిని యుగాంతమున లేపకపోడని యూదులలో ఒక నమ్మిక బలపడెను. యేసు కాలమునకు పరిసయ్యులు దీనిని ఒప్పుకొనిరి. ఆలయపు ప్రధానయాజకుల పక్షమువారైన సద్దూకయ్యులు ఒప్పుకొనలేదు. ఇట్లు యూదులలోనే తగవుగా నున్న విషయమునకు శిష్యులు చేర్చిన క్రొత్త మాట యొకటి గలదు. యుగాంతమున అందరికి జరుగవలసినది, రోమను అధికారియైన పిలాతు సిలువ వేయించిన ఒక్క మనుష్యునికి అప్పుడే జరిగినదనుట ఆ మాట.

యేసు మరణము సుమారు క్రీ.శ. 30 ప్రాంతమున జరిగినది. దానిపై దొరకిన సాక్ష్యపత్రములలో ప్రాచీనమైనది, పౌలు కొరింథు పట్టణపు సంఘమునకు వ్రాసిన మొదటి లేఖ. అది సుమారు 54లో వ్రాసినది, అనగా ఇరువదియేండ్లు దాటిన తరువాతి మాట. ఈ పౌలు మొదట ఆ సంఘమును హింసించినవాడు. లేచిన యేసును చూచినవారి పట్టిక నొకదానిని, తాను పూర్వులవలన విన్నదానినిగా, ఆ లేఖలో ఆయన వ్రాసెను. అందు పేతురు, పండ్రెండుగురు శిష్యులు, ఐదువందలకు మించిన సోదరులు, యాకోబు, అపొస్తలులందరు ఉన్నారు. కట్టకడపట తన పేరును చేర్చుకొనెను. ఆ ఐదువందలమందిలో పలువురు ఇంకను బ్రతికియున్నారని కూడ చెప్పెను. కావలసినచో వారిని పిలిచి అడుగుడనుట దాని భావము. మరియొక సంగతి గమనింపదగినది. ఆ సంఘములోనే కొందరు, మృతులు లేచుట యను సంగతియే లేదని చెప్పుచుండిరి. వారికి సమాధానముగనే పౌలు ఈ పట్టికను వ్రాసెను. కావున ఈ తగవు వెలుపలివారు తెచ్చిపెట్టినది కాదు. ఇంటిలోనే పుట్టినది.

సువార్తలనబడు నాలుగు గ్రంథములు అటుపిమ్మట వచ్చినవి. మార్కు గ్రంథము సుమారు 70 ప్రాంతమునను, తక్కినవి తరువాతి దశాబ్దములలోను పుట్టినవని పండితులలో అధికులు చెప్పుదురు. సమాధియొద్దకు వెళ్ళిన స్త్రీలు మార్కు మాటలో మువ్వురు, మత్తయి మాటలో ఇద్దరు. యోహాను మగ్దలేనే మరియ నొక్కతెనే పేర్కొనును. అక్కడ కనబడిన దేవదూత లెందరో, తరువాత ప్రభువు శిష్యులకు కనబడినది గలిలయలోనో యెరూషలేములోనో, గ్రంథమునకు గ్రంథమునకు తేడా గలదు. నాలుగవ శతాబ్దపు ప్రసిద్ధములైన వ్రాతప్రతులు రెండింటిలో, మార్కు గ్రంథము స్త్రీలు భయపడి ఎవరితోను చెప్పక పరుగెత్తుటతోనే ముగియును. ప్రభువు కనబడిన కథగల కడపటి పండ్రెండు వచనములు ఆ ప్రతులలో లేవు.

ఈ తేడాలను చూపి ప్రతివాదులు, సాక్షుల మాటలు పొసగలేదు గనుక కథ నిలువదందురు. విశ్వాసులు, కూడబలుకుకొని వచ్చిన సాక్షులైనచో అక్షరము తప్పక ఒక్కటే మాట చెప్పియుందురనియు, చిల్లర భేదములుండుటయే వారు కూడబలుకుకొనలేదనుటకు గురుతనియు అందురు. ఈ రెండు మాటలును మీరు రచ్చబండమీద వినియే యుందురు. స్త్రీల సంగతియు నట్టిదే. యూదచరిత్రకారుడైన జోసీఫసు, స్త్రీల సాక్ష్యమును అంగీకరింపరాదని తమ ధర్మమున గలదని వ్రాసెను. శిష్యులే మొదట ఆ స్త్రీల మాటను వెఱ్ఱిమాటగా తలచిరని లూకా చెప్పుచున్నాడు. చెల్లని సాక్షుల మాటపై కట్టిన కథ యని ఒకరి యాక్షేపణ. కథ కల్పించువాడు చెల్లని సాక్షులనే యేల ఎన్నుకొనునని మరియొకరి ప్రశ్న. ఒకే సంగతి రెండు పక్షములకును ఆయుధమైనది.

శిష్యులు రాత్రివేళ దేహమును దొంగిలించిరను నింద మత్తయి గ్రంథములోనే గలదు. ఆ నింద తన కాలమువరకు యూదులలో వ్యాపించియున్నదని ఆయన ఒప్పుకొనెను. దీనినిబట్టి, సమాధి శూన్యమగుటను ఎదిరివారును కాదనలేదని ఒక వాదము పుట్టినది. సమాధికి కావలివారిని పెట్టిన కథ తక్కిన మూడు గ్రంథములలో లేదు గనుక, అది నిందకు సమాధానముగా తరువాత అల్లబడినదని మరియొక వాదము.

ఇక సంఘము వెలుపలి ప్రతివాదులలో మొదట చెప్పదగినవాడు సెల్సస్ అను గ్రీకు పండితుడు. ఆయన 178 ప్రాంతమున క్రైస్తవమతమును ఖండించుచు ఒక గ్రంథము వ్రాసెను. అందు ఒక యూదుని నోట ఆయన వేయించిన ప్రశ్నలు నేటికిని వినబడుచున్నవి. చచ్చి తిరిగివచ్చిన వీరుల కథలు గ్రీకులలో ఎన్ని లేవు? ఇతనిని చూచినవారెవరు? మతి చలించిన ఒక స్త్రీయు, దుఃఖములో కలగన్నవారును కారా? నిజముగా లేచియున్నచో, తనకు శిక్ష విధించినవారికి, లోకమంతటికిని కనబడవలదా?

డెబ్బదియేండ్ల పిమ్మట, 248 ప్రాంతమున, ఓరిగెన్ అను క్రైస్తవ పండితుడు దీనికి ఎనిమిది భాగముల ప్రత్యుత్తరము వ్రాసెను. గ్రీకు వీరులు మరుగున దాగి తిరిగివచ్చినట్లు నటింపగలరు గాని, యేసు అందరి కన్నులయెదుట సిలువపై చచ్చెను గదా యని ఆయన అడిగెను. కల్పించిన అబద్ధమునకై శిష్యులు ప్రాణమునకు తెగింతురా యనెను. ఎల్లరికి కనబడకపోవుటకు, ఆ దర్శనమును భరించు శక్తి ఎల్లరికి లేదని సమాధానము చెప్పెను. ఈ సమాధానములలో ఏది గట్టిది, ఏది గట్టిది కాదు అను విచారము మీకే విడుతును. నన్ను ఆకర్షించినది వేరొక సంగతి. సెల్సస్ గ్రంథము నేడు లేదు, దాని ప్రతి యొక్కటియు నిలువలేదు. అయినను ఆయన మాటలు మనకు తెలిసినవి. ఓరిగెన్ ఖండించుటకు ముందు ప్రతివాది మాటను అతని మాటలలోనే తునుక తునుకగా ఎత్తి వ్రాయుటయే దానికి కారణము. ప్రతివాదిని బ్రతికించినవాడు వాదియే.

అందరును అట్లు చేయలేదు. పోర్ఫిరీ అను మరియొక తత్త్వవేత్త మూడవ శతాబ్దపు చివరను క్రైస్తవులకు ప్రతికూలముగా పెద్ద గ్రంథమును వ్రాసెను. రాజ్యము క్రైస్తవ చక్రవర్తుల చేతికి వచ్చిన పిదప, 448లో దానిని కాల్చివేయుడని శాసనము వెడలెను. నేడు అందలి తునుకలు మాత్రమే నిలిచినవి. క్రైస్తవులలోనే కొందరు, పునరుత్థానము దేహమునకు కాదు, ఆత్మకే యనియు, జ్ఞానము కలిగినవాడు బ్రతికియుండగనే లేచినవాడనియు బోధించుచుండిరి. టెర్టులియన్ మొదలైనవారు వారిని ఖండించుచు, లేచునది ఈ మాంసదేహమే యని వ్రాసిరి. ఓడినవారి మాటలను చాలకాలము గెలిచినవారి ఖండనములనుండియే ఊహించుకొనవలసి వచ్చెను. 1945లో ఐగుప్తు దేశమున నాగ్ హమ్మాది యొద్ద, ఎరువుమన్నుకై త్రవ్వుచున్న పల్లెవారికి ఒక మట్టిజాడి దొరకెను. అందు పాత గ్రంథములు బయటపడినవి. వానిలో రెజినోసు అనువానికి పునరుత్థానమును గూర్చి వ్రాసిన లేఖ యొకటి. పదునాలుగు వందల యేండ్లకు మించి మన్నులో నోరు మూసికొనియున్న సాక్షి అట్లు మాటాడెను.

ఏడవ శతాబ్దమునుండి ఇస్లాము వేరొక త్రోవ త్రొక్కెను. యేసు సిలువపై చంపబడనే లేదని ఖురానుకు వ్యాఖ్యాతలలో అధికులు చెప్పిన అర్థము. మరణమే లేనిచోట సమాధిని గూర్చిన తగవును లేదు.

పిదప పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లాండునకు పోదము. కేంబ్రిడ్జిలో చదివిన థామస్ వుల్‌స్టన్ అను పండితుడు 1727 మొదలు 1729 వరకు యేసు అద్భుతములపై ఆరు చిన్న పుస్తకములు ప్రకటించెను. కడపటి పుస్తకమున పునరుత్థానసాక్ష్యమును పరిహసించెను. ప్రభుత్వము ఆయనపై దైవదూషణ నేరము మోపి, నాలుగు పుస్తకములకు ఒక్కొంటికి 25 పౌనుల చొప్పున 100 పౌనుల జుల్మానాయు, ఒక సంవత్సరము ఖైదును విధించెను. జుల్మానా చెల్లింపను పూచీ యిచ్చుకొనను చాలక, ఆయన నిర్బంధముననే యుండి 1733లో మరణించెను. 1729లోనే థామస్ షెర్లాక్ అను బిషప్పు, పేరు వేసికొనక, ఒక విచిత్రమైన పుస్తకమును అచ్చువేయించెను. అందు అపొస్తలులు ముద్దాయిలు, తప్పుడు సాక్ష్యము వారిపై నేరము. వకీళ్ళు ఇరుపక్షముల వాదింపగా, కడకు జూరీ నిర్దోషులని తీర్పు చెప్పును. పుస్తకము చమత్కారమైనదే, పలుమార్లు అచ్చుపడినది. అయితే పుస్తకములోని న్యాయస్థానమున ప్రతివాది వకీలు నిర్భయముగా మాటాడుచుండగా, బయటి నిజమైన ప్రతివాది శిక్ష ననుభవించుచుండెను. షెర్లాకునకు 1744లో ప్రత్యుత్తరము వ్రాసిన పీటర్ ఆనెట్ అనువానిని, మరియొక వ్రాతకై 1762 నాటి అభియోగముపై, డెబ్బదియేండ్లు సమీపించిన వయస్సున, బజారులో బొండకొయ్యలో నిలువబెట్టిరి.

ఆనాటి వాదమున మన వంటి ఉష్ణదేశముల ప్రసక్తి వచ్చుట ఒక వినోదము. 1690లో లాక్ అను తత్త్వవేత్త ఒక కథ చెప్పెను. హాలండు రాయబారి సయాం రాజుతో, తన దేశమున చలికాలమందు నీరు గట్టిపడి ఏనుగును మోయగలదనెనట. అంతవరకు అతని మాటలు నమ్మిన రాజు, నీవు అబద్ధమాడుచున్నావని ఇప్పుడు తెలిసినదనెనట. షెర్లాక్ ఇట్టి దృష్టాంతమునే తీసికొని, మన యనుభవమున లేనంతమాత్రమున సాక్షిని త్రోసివేయరాదనెను. 1748లో డేవిడ్ హ్యూమ్ అద్భుతములపై ఒక వ్యాసము వ్రాసెను. తరువాతి కూర్పున ఆయనయు మంచు సంగతి నెత్తి, ఈసారి ఒక హిందూదేశపు రాజు నమ్మకపోయెనని చెప్పి, ఆ రాజు చేసినది న్యాయమేననెను. మునుపెరుగని సంగతికి బలవత్తరమైన సాక్ష్యము కావలెనని ఆయన సూత్రము. సంగతి జరుగుట వింతయా, సాక్షి మోసపోవుటయో మోసగించుటయో వింతయా యని తూచి, తక్కువ వింతను నమ్మవలెననెను. రిచర్డ్ ప్రైస్ అను మతాచార్యుడు 1767లో దీనికి బదులు చెప్పెను. మన మెన్నడును చూడని అరుదైన సంగతులను నమ్మదగినవాని యొక్క మాటపై నిత్యము నమ్ముచునే యున్నాము గదా యని ఆయన వాదము. ఈ యిరువురిలో ఎవ్వరును ఎదిరివాని నోరు మూయింపగోరలేదు.

జర్మనీలో రైమారుస్ అను ఉపాధ్యాయుడు సువార్తలలోని పొసగని మాటలను ఏరి, శిష్యులే దేహమును దొంగిలించిరని వ్రాసి, భయముచే జీవితాంతము దాచియుంచెను. ఆయన 1768లో మరణించెను. గ్రంథాలయాధికారియైన లెస్సింగ్ ఆ వ్రాతలలో కొన్నిటిని 1774 మొదలు 1778 వరకు, పేరు చెప్పక, ప్రకటించెను. ఆ వాదము తనకు పూర్తిగా సమ్మతము కాదని తన సమాధానములను కూడ ప్రక్కనే అచ్చువేయించెను. అయినను గొప్ప అల్లరి పుట్టి, అనుమతి లేక ప్రకటించు స్వేచ్ఛను ప్రభువు ఆయననుండి 1778లో తీసివేసెను. కన్నులార చూచుట వేరు, చూచితిమన్నవారి మాటను వినుట వేరు, ఈ రెంటికిని నడుమ తాను దాటలేని అగడ్త గలదని లెస్సింగ్ వ్రాసిన భావము, మా తాతగారు పొలముగట్టున చెప్పినదానికి దగ్గర చుట్టము.

1835లో డేవిడ్ స్ట్రౌస్ అను యువపండితుడు యేసు చరిత్రను వ్రాసి, ఈ కథలు భక్తుల హృదయములనుండి పుట్టిన పురాణములనెను. ఆయన యుద్యోగము పోయెను. 1839లో జూరిక్ విశ్వవిద్యాలయము ఆయనను పిలువగా, జనులు తిరుగబడిరి. పని యారంభింపకమునుపే ఆయనకు భరణమిచ్చి పంపివేసిరి. అంతటితో ఆగక, ఆ సంవత్సరముననే అక్కడి ప్రభుత్వమును కూలిపోయెను. ఈ స్ట్రౌస్ చేసిన మరియొక పనిని విశ్వాసులును మెచ్చుకొందురు. యేసు సిలువపై చావలేదు, మూర్ఛిల్లి సమాధి చల్లదనమున తేరుకొనెనని కొందరు హేతువాదులు చెప్పుచుండిరి. సగము చచ్చి, గాయములకు కట్టు కట్టవలసిన మనుష్యుని చూచి, ఇతడు మృత్యువును జయించెనని శిష్యు లెట్లు తలతురని స్ట్రౌసే దానిని ఖండించెను. తన పక్షపువాడు చెప్పినను చెల్లని మాటను చెల్లదనుట పెద్దరికము.

ఇటీవలి కాలమున రాళ్ళును ఎముకలును సాక్షులుగా వచ్చినవి. 1878లో నజరేతునుండి వచ్చినదను గుర్తుతో ఒక చలువరాతి పలక పారిసులోని ఒక సేకర్త చేతికి చేరెను. దానిమీద గ్రీకు భాషలో, సమాధులనుండి దేహములను కదల్చువారికి మరణదండనయని కైసరు శాసనము గలదు. 1930లో అది ప్రకటితము కాగా, శూన్యసమాధి వార్త చక్రవర్తి చెవిని పడుటచేతనే ఈ శాసనము పుట్టెనని పలువురు సంతోషించిరి. 2020లో ఆ రాతిని రసాయనరీతిని పరీక్షింపగా, అది గ్రీకు ద్వీపమైన కోస్ గనిలోనిదని తేలెను. నజరేతు సాక్షియని పిలిచినవాడు వేరొక ఊరివాడని బయటపడెను. ఎదిరిపక్షమునకును ఇట్టి పాఠమే కలిగినది. సిలువ వేయబడినవారికి సమాధి దక్కదు, కుక్కలపాలు కావలసినదే గనుక, సమాధి కథయే కల్ల యని కొందరు వాదించుచుండిరి. 1968లో యెరూషలేము వెలుపల ఒక కుటుంబపు సమాధిలో, యెహోహానాను అను పేరు చెక్కిన రాతిపెట్టెయందు, ఇనుపమేకు దిగియున్న మడమ యెముక దొరకెను. సిలువ వేయబడిన ఒకనికైన బంధువులు సమాధి చేసిరని తేలినది. యేసుకును చేసిరని దీనిచే రుజువు కాదు, జరుగనే జరుగదనుట మాత్రము తప్పని రుజువైనది.

ఇరువదవ శతాబ్దమున పక్షముల గట్లు కొంత చెదరినవి. 1977లో పింఖాస్ లాపిడె అను యూదపండితుడు, యేసు లేచెననుట చరిత్రసంగతిగా నాకు తోచుచున్నది, అయినను ఆయన మా మెస్సీయ కాడని వ్రాసెను. 1994లో గెర్డ్ ల్యూడెమన్ అను క్రైస్తవశాస్త్రపండితుడు, అది శోకమునను పశ్చాత్తాపమునను పుట్టిన దర్శనమే యని వ్రాసెను. 2003లో ఎన్.టి. రైట్ అను బిషప్పు, శూన్యసమాధియు దర్శనములును రెండును లేనిదే ఈ నమ్మిక పుట్టజాలదని పెద్ద గ్రంథమున వాదించెను. నమ్మువారు ఈ పక్షముననే, నమ్మనివారు ఆ పక్షముననే యుందురను లెక్క ఇచ్చట తప్పినది.

ఇక ఇన్ని వాదములలో తేలినదేమని మీరు అడుగవచ్చును. యేసు పిలాతు కాలమున సిలువపై మరణించెననియు, కొలదికాలమునకే పేతురు మొదలైనవారును, పిదప శత్రువైన పౌలును, ఆయనను సజీవునిగా చూచితిమని మనసార నమ్మిరనియు, ఆ నమ్మికనుండియే సంఘము పుట్టెననియు ఇరుపక్షముల చరిత్రకారులలో అధికులు ఒప్పుకొందురు. సమాధి శూన్యమా కాదా యనుచోట పండితులు చీలుదురు. వారు చూచినది దేనిని అను ప్రశ్న వచ్చునప్పటికి చరిత్రకారుని కొలత పొట్టిదగును. దైవము లోకములో ఇట్లు చేయునని ముందే నమ్మినవానికి ఆ సాక్ష్యము చాలును. చేయదని ముందే నిశ్చయించినవానికి ఎంత సాక్ష్యమును చాలదు. ఇరువురును తాము వెంట తెచ్చుకొన్న ఆ ముందుమాటను ఒప్పుకొనుట న్యాయము.

ఒక్క సంగతి మాత్రము ఈ చరిత్రనుండి నిశ్చయముగా నేర్చితిని. పోర్ఫిరీ గ్రంథమును కాల్చినవారు, వుల్‌స్టనును బంధించినవారు తమ మతమును కాపాడితిమనుకొనిరి. వారివలన ఆ మతమునకు ఒక్క సాక్షియైన అదనముగా చేరలేదు. తన శత్రువు మాటను పూర్తిగా వ్రాసిపెట్టిన ఓరిగెన్ వలన రెండు పక్షములును బ్రతికినవి. మన పల్లెలలో మసీదు, చర్చి, గుడి ఒకే చెరువుగట్టున నున్న చోట్లు ఎన్నియో కలవు. ఒకరి నమ్మికపై మరియొకరికి సందేహముండుట తప్పు కాదు. ఎదిరివాని మాటను అతడు చెప్పినట్లుగనే చెప్పి, ఆ పైని మన మాట చెప్పుట మర్యాద. తగవు తీర్చుటకు కూర్చున్న పెద్దకు అది ధర్మము కూడ.

మా తాతగారు పోయి చాలకాలమైనది. నేటికిని ఈస్టరు వేకువను మా యూరి శ్మశానమున దీపములు వెలుగుచునే యున్నవి. వెలిగించు ఆ చేతులకు పండితుల తీర్పుతో పనిలేదు. చూచినవారు చెప్పవలెనని తాతగారనిరి. చూచితిమన్నవారు చెప్పిరి, కాదన్నవారును చెప్పిరి. ఆ యిరువురి మాటలను నాకు తెలిసినంతలో దాచక మీ ముందుంచితిని.

సెలవు.